మాత్రతో పాటే సమాచారమూ ఇవ్వాలి

టైప్‌ 2 మధుమేహం ఉందని తేలిన రోజున డాక్టరు చెప్పిన మాటల్లో ఇంటికి చేరేసరికి గుర్తుండేవి రెండో మూడో. మాత్ర రోజూ వేసుకోవాలి, తీపి మానాలి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మిగతా ప్రశ్నలన్నీ ఆ రాత్రి ఫోన్‌ ముందుకు చేరతాయి. అక్కడ జవాబులకు కరవు లేదు. ఈ మాత్రలు మూత్రపిండాలను తినేస్తాయని ఒకరంటారు, మూడు వారాల్లో షుగర్‌ను వేళ్లతో సహా పెకలిస్తామని మరొకరంటారు. ఇద్దరి గొంతులోనూ ఒకే ధీమా. ఈ గందరగోళంలో చిక్కుకున్న మనిషిని 'ఇంటర్నెట్‌ వైద్యం' అంటూ కసురుకోవడం ఆసుపత్రుల్లో అలవాటుగా మారింది. ఇది అన్యాయం. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే ఎవరైనా చెప్పేవాళ్లను వెతుక్కుంటారు. సమాచారం చికిత్సలో భాగమని, దాన్ని అడిగి బతిమాలుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదని మేం గట్టిగా నమ్ముతున్నాం.

వెతుకులాట మొదలవ్వాల్సింది సొంత రిపోర్టు దగ్గర. ఏ పరీక్షతో జబ్బు తేలింది, అంకె ఎంత, కొలమానం ఏమిటి అన్నవి తెలియకుండా ఎంత చదివినా ఆ చదువు తనకు అంటదు. పరగడుపున గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించడం, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా ఆపైన ఉండడం, గత రెండు మూడు నెలల సగటు గ్లూకోజును సూచించే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన ఉండడం మధుమేహానికి గుర్తులు. అతిదాహం, అతిమూత్రం వంటి లక్షణాలుంటే ఏ వేళ చేసిన పరీక్షలోనైనా 200 లేదా ఆపైన ఉంటే చాలు. లక్షణాలేవీ లేనివారికి ఒక్క అంకెతో ముద్ర వేయకూడదు, రెండో ఫలితం కూడా దాన్ని నిర్ధారించాలి. ఆ రెండో పరీక్ష జరిగిందా లేదా అన్నదే డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న.

కొలమానం దగ్గరే చాలామంది తడబడతారు. కొన్ని దేశాల్లో గ్లూకోజును లీటరుకు మిల్లీమోల్స్‌లో రాస్తారు. దాన్ని 18తో హెచ్చిస్తే మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. 'ఏడు దాటకూడదు' అని ఎక్కడైనా చదివారనుకోండి. ఆ ఏడు హెచ్‌బీఏ1సీ శాతమైతే సగటు గ్లూకోజు దాదాపు 154 అని అర్థం. అదే ఏడు మిల్లీమోల్స్‌ అయితే 126. ఒకటి చాలామందికి చికిత్సలో పెట్టే లక్ష్యం, మరొకటి పరగడుపు పరీక్షలో జబ్బును గుర్తించే గీత. రెంటినీ కలిపేసుకుని, బాగానే ఉన్నవాళ్లు బెంగపడతారు, బాగా లేనివాళ్లు ధీమాగా ఉండిపోతారు.

హెచ్‌బీఏ1సీ కూడా అన్ని వేళలా నిజం చెప్పదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలంలో దాని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజు అతుక్కుందో ఈ పరీక్ష కొలుస్తుంది. కణం ఆయుష్షు మారితే అంకె కూడా మారుతుంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తస్రావం అయినా, రక్తం ఎక్కించినా, కణాలు త్వరగా నశించే జబ్బులున్నా తక్కువ చూపించవచ్చు. ఇంట్లో చూసుకున్న రీడింగులకూ ఈ అంకెకూ పొంతన కుదరకపోతే రోగి అబద్ధం చెబుతున్నాడని అనుమానించే ముందు హిమోగ్లోబిన్‌ చూడాలి.

ఇంటి గ్లూకోమీటరుకూ హద్దులున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 2013లో పెట్టిన ప్రమాణం ప్రకారం 100, అంతకు పైబడిన రీడింగుల్లో 95 శాతం అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ ఉంటే సరిపోతుంది. అంటే నిజంగా 200 ఉన్నప్పుడు మీటరు 170 చూపినా 230 చూపినా చెడిపోయినట్లు కాదు. ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు పొడుచుకుని 148, 161 వచ్చాయని కంగారుపడాల్సిన పని లేదు. అసలు తప్పులు వేరే చోట జరుగుతాయి. పండు ఒలిచిన చేతిని కడగకుండా వేలు పొడిస్తే ఆ పండు చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదిలేస్తే తేమ తగిలి పాడవుతాయి. గడువు తీరిన స్ట్రిప్పు కూడా అంకె చూపిస్తుంది, కానీ దాన్ని నమ్మలేం. సబ్బుతో కడిగి, బాగా ఆరిన చేతితో, వేలి కొన మధ్యలో కాకుండా పక్కన పొడవాలి. ఇంత చిన్న విషయం చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా మీటరు ఇచ్చి పంపేవాళ్లే ఎక్కువ.

ఇక అంకెను ఎంతకు దించాలన్న దగ్గర వాదోపవాదాలు మొదలవుతాయి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్‌ అధ్యయనాన్ని ఒక వర్గం చూపిస్తుంది. గట్టి నియంత్రణలో ఉన్నవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి చోట్ల చిన్న రక్తనాళాలకు వచ్చే చిక్కులు 25 శాతం తగ్గాయి. అమెరికా, కెనడాల్లో జరిగిన అకార్డ్‌ అధ్యయనాన్ని ఇంకో వర్గం చూపిస్తుంది. అందులో హెచ్‌బీఏ1సీని 6 కంటే తక్కువకు దించాలని చూసినప్పుడు మరణాలు పెరిగాయి, ఆ విభాగాన్ని 2008లో మధ్యలోనే ఆపేశారు. రెండూ పేరున్న అధ్యయనాలే, రెండూ నిజమే. యూకేపీడీఎస్‌లో చేరినవాళ్లు కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు. అకార్డ్‌లో చేరినవాళ్ల సగటు వయసు 62, జబ్బు వచ్చి సగటున పదేళ్లు, అప్పటికే గుండెజబ్బో దాని ముప్పో ఉన్నవాళ్లు. కాబట్టి 40 ఏళ్లకు నిన్న మొన్న జబ్బు తెలిసిన వ్యక్తి అకార్డ్‌ను చూసి 'తగ్గిస్తే ప్రమాదమట' అనుకుంటే నష్టపోతాడు. గుండెకు స్టెంటు వేయించుకున్న 75 ఏళ్ల మనిషికి ఆరు లక్ష్యంగా పెడితే అదీ ప్రమాదమే. నమ్మదగిన సమాచారానికి మేం పెట్టే తొలి పరీక్ష ఇదే: ఈ మాట ఎవరి గురించి చెప్పారు, అందులో నేనున్నానా?

'షుగర్‌ను వెనక్కి మళ్లించవచ్చు' అనే ప్రచారానికీ ఈ గీటురాయే పెట్టాలి. దాని వెనుక నిజం ఉంది. 2017లో ప్రచురితమైన బ్రిటన్‌ డైరెక్ట్‌ అధ్యయనంలో చికిత్స తీసుకున్నవారిలో 46 శాతం ఏడాదికల్లా మందులు లేకుండా హెచ్‌బీఏ1సీని 6.5 లోపునకు తెచ్చుకున్నారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో అది 86 శాతం. కొత్తగా జబ్బు తెలిసినవారికి ఈ ఆశను దాచిపెట్టడం తప్పని మా అభిప్రాయం. అయితే వీడియోల్లో కత్తిరించి పారేసే సగాన్ని కూడా చెప్పాలి. చేరినవాళ్లంతా జబ్బు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్‌ వాడనివాళ్లు, అధిక బరువున్నవాళ్లు. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారంతో, వైద్యసిబ్బంది కనిపెట్టుకుని ఉండగా గడిపారు. రెండేళ్లకు ఆ 46 శాతం 36కు తగ్గింది. నిపుణులు దీన్ని ఉపశమనం అంటారు, నయమైపోవడం అనరు. బరువు తిరిగి పెరిగితే షుగర్‌ కూడా తిరిగి వస్తుంది, అందుకే ఏటా పరీక్షలు ఆపకూడదు. ఇవేవీ తెలియకుండా గ్లిమెపిరైడ్‌ వంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా పిండిపదార్థాలు మానేస్తే షుగర్‌ ప్రమాదకరంగా పడిపోతుంది. పేరు చివర 'గ్లిఫ్లోజిన్‌' అని ఉండే మందులు వాడుతూ అదే పని చేస్తే రక్తం ఆమ్లమయ్యే కీటోఅసిడోసిస్‌ రావచ్చు. అప్పుడు గ్లూకోజు మరీ ఎక్కువగా కనిపించకపోవడంతో గుర్తించడమూ ఆలస్యమవుతుంది.

దాల్చినచెక్క కథ మరో పాఠం. 2003లో 60 మందిపై 40 రోజులు జరిగిన ఒక చిన్న పరీక్షలో షుగర్‌ తగ్గిందని తేలగానే ఆ వార్త లోకమంతా తిరిగింది. ఆ తర్వాత జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూసిన, వైద్య ఆధారాలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్‌ సమీక్ష 2012లో దాన్ని సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. మొదటి వార్త విన్నవాళ్లలో రెండోది విన్నవాళ్లు ఎందరు? ఒక అధ్యయనం వార్త అవుతుంది. పది అధ్యయనాలను జల్లెడ పట్టిన సమీక్ష వల్ల మనకు ఒక జవాబు దొరుకుతుంది.

మరి ఎక్కడ చదవాలి? అమెరికన్‌ డయాబెటిస్‌ అసోసియేషన్‌ ఏటా తన చికిత్సా ప్రమాణాలను సవరించి ప్రచురిస్తుంది. బ్రిటన్‌లోని నైస్‌ సంస్థ మార్గదర్శకాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రాలు, మామూలు మాటల్లో రాసే కోక్రేన్‌ సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. వీటిలో ఒక్కో సిఫారసు ఏ ఆధారం మీద నిలబడిందో కనిపిస్తుంది, పొరపాటైతే మరుసటి కూర్పులో దిద్దుతారు. మందు పెట్టెలోని కాగితం కూడా మంచి వనరే, కాకపోతే అందులోని దుష్ప్రభావాల జాబితాను ఎంతమందిలో వస్తాయన్న వివరంతో కలిపి చదవాలి. సైటు మీద కనిపించే నాణ్యత ముద్రలను చూసి మోసపోవద్దు. 1996లో మొదలై ఆరోగ్య సైట్లకు ఇచ్చే, ఒకప్పుడు ఎంతో పేరున్న హాన్‌కోడ్‌ ముద్రల జారీ 2022లో ఆగిపోయింది, పాత పేజీల మీద ఆ బొమ్మ కనిపిస్తే దానికి ఇప్పుడు విలువ లేదు. ప్రశ్న అడిగితే క్షణంలో జవాబిచ్చే కృత్రిమ మేధ, లేని అధ్యయనాన్ని కూడా ఉన్నట్లు చెప్పగలదు. అది చెప్పిన పత్రం నిజంగా ఉందో లేదో తెరిచి చూడకుండా మోతాదు మార్చుకోవద్దు.

శాతాల గారడీని కూడా పట్టుకోవాలి. మధుమేహానికి ముందు దశలో ఉన్నవారిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన నివారణ అధ్యయనంలో ఆహారం, నడకలతో ముప్పు 58 శాతం తగ్గిందని అందరూ చెబుతారు. లెక్క విప్పితే ఏటా వందమందిలో 11 మందికి వచ్చే జబ్బు దాదాపు ఐదుగురికి వచ్చింది. గొప్ప ఫలితమే, కానీ వందలో 58 మంది తప్పించుకున్నారని దానర్థం కాదు. పైగా అది జబ్బు ఇంకా రానివాళ్ల లెక్క. వచ్చినవాళ్లకు దాన్ని చూపించి మందు మానేయమనడం మోసం.

మెట్‌ఫార్మిన్‌ మూత్రపిండాలను పాడుచేస్తుందన్న భయం ఎక్కువమంది చేత మందు మాన్పిస్తోంది. ఆ భయం కార్యకారణాలను తలకిందులు చేసుకోవడం వల్ల పుట్టింది. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది, అందుకే అవి అప్పటికే బలహీనపడితే మోతాదు తగ్గిస్తారు. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్‌ అని రాసే మూత్రపిండాల వడపోత రేటు 30 కంటే పడిపోతే ఆపేస్తారు. మందు ఆపడాన్ని చూసినవాళ్లు మందే కారణమనుకుంటారు. నిజంగా ఇబ్బంది పెట్టేవి కడుపు ఉబ్బరం, విరేచనాలు. 500 మిల్లీగ్రాములతో భోజనంతో పాటు మొదలుపెట్టి వారాల మీద పెంచితే చాలామందికి సర్దుకుంటాయి. ఏళ్ల తరబడి వాడినవారిలో బీ12 విటమిన్‌ తగ్గవచ్చు. కాళ్లు తిమ్మిరెక్కితే షుగర్‌ వల్లేనని వదిలేయకుండా బీ12 కూడా చూడాలి. మూలికల పేరుతో వచ్చే, పదార్థాల పట్టీ లేని గుళికల గురించి ఎంత భయపడినా తప్పులేదు. 2008లో సింగపూర్‌లో మధుమేహమే లేని 150 మంది తీవ్రంగా షుగర్‌ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. లైంగిక సామర్థ్యం పేరిట అక్రమంగా అమ్మిన మందుల్లో గ్లైబెన్‌క్లమైడ్‌ అనే షుగర్‌ మందు కలిపి ఉన్నట్లు తేలింది. 'మూలికతోనే తగ్గింది' అన్న మాట వెనుక ఇలాంటి కల్తీ ఉండొచ్చు.

ఒక్కోసారి జబ్బు పేరే తప్పు కావచ్చు. సన్నగా ఉన్నవారు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు, మాత్రలు వాడినా కొద్ది నెలల్లోనే అంకెలు ఎగబాకుతున్నవారు 'నాది టైప్‌ 2 అని ఎలా నిర్ధారించారు?' అని అడగాలి. ఇన్సులిన్‌ తయారుచేసే కణాల మీద శరీరమే దాడి చేస్తోందని సూచించే గాడ్‌ యాంటీబాడీల పరీక్షతో, పెద్దవయసులో నెమ్మదిగా వచ్చే టైప్‌ 1 బయటపడవచ్చు. అటువంటివారు టైప్‌ 2 గురించి ఎంత మంచి పుస్తకం చదివినా దారి తప్పుతారు.

ఇదంతా రోగి ఒక్కడే తవ్వి తీసుకోవాలనడం భావ్యం కాదు. జబ్బు తేలిన రోజునే ఒక కాగితం చేతికివ్వాలని మేం కోరుతున్నాం, రోగి చదవగల భాషలో, చదువు రానివారికి ఇంట్లో ఎవరైనా చదివి వినిపించేలా. దాని మీద రోగి సొంత అంకెలు, అతనికి పెట్టిన లక్ష్యం, ఆ లక్ష్యానికి కారణం ఉండాలి. ఏ మాత్ర షుగర్‌ను మరీ పడేయగలదో, ఏది పడేయదో రాయాలి. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలని, స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదని ఉండాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏ మందు తాత్కాలికంగా ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో ముందే తేల్చాలి. టైప్‌ 2 ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి కంటి రెటీనా పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రపిండాల తీరు తెలిపే మూత్రంలో అల్బుమిన్‌, రక్తంలో క్రియాటినిన్‌ పరీక్షలు ఆలస్యం లేకుండా చేయించాలి, వాటి తేదీలు కూడా అక్కడే ఉండాలి.

రెండు వారాల్లోపు ఇంకోసారి పిలవాలి. అప్పటికి తొలి దిగ్భ్రమ కొంత తగ్గి ప్రశ్నలు రూపు దిద్దుకుంటాయి. ఆ ప్రశ్నలు రాసుకోవడానికి కాగితం వెనుక వైపు ఖాళీ వదలాలి, దాని అడుగున రాత్రి పూట షుగర్‌ పడిపోతే ఎత్తే ఫోన్‌ నంబరు ఉండాలి.