‘పథ్యం ఏమన్నా ఉందా సార్?’

నెల్లూరు పొగతోటలో ఏ ఓపీ దగ్గర కూర్చున్నా ఈ ప్రశ్న వినిపిస్తుంది. చీటీ తీసుకుని లేచినవాళ్లు తలుపు దగ్గర ఆగి మరీ అడుగుతారు. ‘‘ఏమీ లేదమ్మా, అన్నీ తినొచ్చు’’ అనేది మామూలుగా వచ్చే జవాబు. జబ్బుమనిషి నోరు కట్టేసుకుని నీరసపడకూడదనే అలా చెబుతారు. కానీ కొన్ని మందుల విషయంలో ఆ జవాబు తప్పు.

మా పెద్దమ్మకు గుండె వాల్వు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. ఆసుపత్రిలో ఒకరు అసలేమీ చెప్పలేదు, ఇంకొకరు ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారు. ఆమె మానేసింది. ఆషాఢం రాగానే ఆనవాయితీ కొద్దీ వారం రోజులు మునగాకు వండుకుంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే ఐఎన్‌ఆర్ పడిపోయింది. డోసు పెంచబోతుంటే ఒక నర్సు అడిగింది, ‘‘ఈ వారం ఏం తిన్నావు పెద్దమ్మా?’’ అని. ఆకుకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. ఆ సంగతి ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

మందుకూ తిండికీ పడని ఈ పాఠం చదువుకున్నవాళ్లకూ పుస్తకాల్లోని గ్రేప్‌ఫ్రూట్, పాత చీజ్ గుర్తుంటాయి. మన కంచంలో అవెక్కడున్నాయి? మనది చేపల పులుసు తినే జిల్లా. సూర, కానాగంతలు లాంటి చేపల్ని ఐసులో సరిగా పెట్టకపోతే హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది, పులుసులో ఎంత ఉడికినా పోదు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ ఆ హిస్టమిన్‌ను ఒంట్లో విరగనివ్వదు. కొందరికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ వస్తాయి. ‘మందు పడలేదు’ అనుకుని మాత్రలు ఆపేస్తే టీబీ ముదురుతుంది. ఆ మాట కోర్సు మొదలుపెట్టే రోజే చెప్పాలి.

ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదని, గర్భిణులు ఐరన్, కాల్షియం కలిపి మింగకూడదని చాలామంది ఏఎన్ఎంలు బాగానే చెబుతారు. థైరాయిడ్ మాత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘పరగడుపున’ అని ఊరుకుంటారు. మాత్ర మింగిన ఐదు నిమిషాలకే కాఫీ తాగితే పరగడుపున వేసుకున్న ఫలం దక్కదు, కనీసం అరగంట ఆగాలి.

డాక్టరుకు తీరిక ఉండదు, నిజమే. అందుకే ఈ పని ఫార్మసిస్టుది కావాలి. మందు దేనితో పడదో రోగికి వివరించడం 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. కౌంటర్‌లో జరిగేది కవరు మీద ‘1-0-1, తిన్నాక’ అని రాయడం వరకే. చాలా షాపుల్లో ఆ రాసే కుర్రాడు ఫార్మసిస్టే కాదు.

వెయ్యి మందులు కంఠస్థం చేయమని ఎవరూ అనరు. ఇక్కడ ఎక్కువగా వాడే పది పన్నెండు మందులకు మన వంటింటి పేర్లతో ఒక పట్టీ రాసి కౌంటర్‌లో అంటిస్తే చాలు. ఒంట్లో పొటాషియం పెంచే బీపీ, కిడ్నీ మందుల వరసలో పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు, ఎసిట్రోమ్ ఎదురుగా మునగాకు, తోటకూర రాయాలి.

మునగాకు వండే ముందు పెద్దమ్మ ఇప్పుడు ఆ నర్సుకే ఫోన్ చేస్తోంది.