‘ఉత్ప్రేరక’ బిరుదాంకితులైన బొగ్గుగారికి

మహారాజశ్రీ యాక్టివేటెడ్ కార్బన్ గారికి, మందుల ఫ్యాక్టరీ మురుగునీటిని ఓజోన్ వాయువుతో శుద్ధి చేసే రియాక్టర్ దగ్గర నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, మీరు బ్యాచ్ బ్యాచ్‌కీ పొడైపోతున్న సంగతి ఫిల్టర్ పేపరు మీద నల్లగా కనబడుతూనే ఉంది.

మొన్నటిదాకా కొబ్బరి చిప్ప. ఆవిరి సెగలో కాలి గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం సంపాదించారు, సంతోషం. కానీ ఉత్ప్రేరకం అనే బోర్డుకి అర్హత వేరు: పని జరిపించాలి, తాను ఖర్చు కాకూడదు.

ఓజోన్ సంగతి మాకు తెలుసు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపడింది. అలాంటి మందు కనబడితే ఓజోన్ ఊరుకోదు, దాని అణువులోని అమైన్ల మీదా డబుల్ బాండ్ల మీదా పడి కొరికేస్తుంది. మందు మాయం, చప్పట్లు! టీఓసీ, అంటే నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్, మాత్రం పెద్దగా కదలదు. ముక్కలన్నీ ఆక్సాలిక్, ఎసిటిక్ ఆమ్లాలై కూచుంటాయి, వాటి జోలికి ఓజోన్ పోదు. మీరు కావలసింది అక్కడే. ఓజోన్ మీ మీద విరిగి, ఆ ముక్కల్ని కూడా వదలని హైడ్రాక్సిల్ రాడికల్ కావాలి.

అయిందో లేదో మీ మాట మీద నమ్మం. మూడు బీకర్లు, ఒక్కోదాంట్లో లీటరు 1 మిల్లీమోలార్ ఆక్సాలిక్ ఆమ్లం, పీహెచ్ ఒకటే. మొదటిదానికి ఓజోన్ ఒక్కటే. రెండోదానికి అర గ్రాము మీరు, ఉత్త ఆక్సిజన్. మూడోదానికి ఓజోనూ మీరూ ఇద్దరూ. మొదటి రెండింటి తగ్గుదల కూడితే మూడోది వచ్చేసిందా, మీరు చేసింది పీల్చుకోవడమే. అంతమాత్రం స్పాంజీ కూడా చేస్తుంది.

గెలిచారే అనుకుందాం. అదే బొగ్గుతో ఇంకో ఐదు బ్యాచ్‌లు నడిపితే గుట్టు తెలుస్తుంది. ఓజోన్ మీ ఒంటినిండా ఆమ్లగుణం ఉన్న కార్బాక్సిలిక్ గ్రూపులు మొలిపిస్తుంది. ఒంట్లో క్షారగుణం పోతుంది, రాడికల్ పుట్టించే చేవా దాంతోపాటే పోతుంది. ఒక్కోసారి టీఓసీ తగ్గకపోగా పెరుగుతుంది, కరిగి నీళ్లలో కలిసేది మీరే కనక! ఇక డిస్టిల్డ్ వాటర్‌లో పులి, బోరు నీళ్లలో పిల్లి. పుట్టిన రాడికల్‌ని బోరు నీళ్లలోని బైకార్బొనేట్ దారిలోనే మింగేస్తుంటే మీరు మాత్రం ఏం చేస్తారు లెండి.

ఇంకొక్క మనవి. బయటికిపోయే గ్యాసులో మిగిలిన ఓజోన్‌ని కూడా తామే చూసుకుంటామని ముందుకు రావద్దు. అందులో ఎక్కువ భాగం ఆక్సిజనే. అక్కడ తడి లేకుండా వేడెక్కితే భగ్గుమంటారు. ఆ కొలువు మాంగనీస్ డయాక్సైడ్‌కి ఇచ్చేశాం.

ఇట్లు,
మీ మసి కడిగే
ఆపరేటర్లు