ఎండ వేడి వేరు, వెలుగు వేరు బావగారూ

మా వేళచ్చేరి అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల గ్రూపులో మేడమీద సోలార్ పెట్టిద్దామన్న మాట రాగానే మా బావగారు ఒక ఫార్వర్డు పడేశారు: "సూర్యుడి వేడే సిలికాన్‌లో కరెంటు అవుతుంది. కాంతికణం లోపలికెళ్లి ఎలక్ట్రాన్‌గా మారిపోతుంది. ఎండ ఎంత మండితే అంత ఓల్టేజి. మే నెల చెన్నైలో ప్యానెళ్లకు పండగే!" ఇప్పటికి మూడు గ్రూపుల్లో తగిలింది నాకిది.

ముందు వేడి సంగతి. మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న సిలికాన్ ఫోటోడయోడ్ (వెలుగు పడితే కరెంటిచ్చే చిన్న ముక్క) ఒకటి నా దగ్గరుంది. ప్యానెల్లో జరిగేదే ఇందులోనూ జరుగుతుంది, సైజే తేడా. దాని రెండు కాళ్లకూ మల్టీమీటర్ తగిలించి, మైక్రోయాంపుల్లో పెట్టి, లైట్లార్పి, బాగా కాగిన ఇస్త్రీపెట్టెను ఎదురుగా పట్టుకున్నాను. సున్నా. టీవీ రిమోట్ ఆనించి బటన్ నొక్కితే అంకెలు లేచాయి. రిమోట్ చల్లగానే ఉంది మరి! సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను బంధం నుంచి విడిపించాలంటే ఫోటాన్‌కు, అంటే కాంతికణానికి, సుమారు 1.12 ఎలక్ట్రాన్ ఓల్టుల (ఇంత చిన్న శక్తిని కొలిచే యూనిట్) శక్తయినా ఉండాలి. రిమోట్ విసిరే, కంటికి కనిపించని వెలుగు తరంగదైర్ఘ్యం 940 నానోమీటర్లు, అంటే దాని ఫోటాన్‌కు 1.3 ఉన్నట్టు. 200 డిగ్రీల ఇస్త్రీపెట్టె కిరణాల్లో చాలావాటికి 0.1, 0.2 దగ్గరే. పావలాలు బస్తాడు పోసినా రూపాయి బిళ్ల లేనిదే టికెట్టివ్వని కండక్టర్ ఈ సిలికాన్.

ఫోటాన్ ఎలక్ట్రాన్ అవుతుందన్నది శుద్ధ తప్పు. ఎలక్ట్రాన్ అక్కడ ముందునుంచీ ఉన్నదే. ఫోటాన్ తన శక్తిని దానికిచ్చి తాను లేకుండా పోతుంది. ఎలక్ట్రాన్ లేచిన చోట ఖాళీ మిగులుతుంది, దాన్నే హోల్ అంటారు. వాటి మానాన వదిలేస్తే రెండూ మళ్లీ కలిసిపోతాయి, కరెంటూ లేదు గిరెంటూ లేదు. సిలికాన్‌లో వేర్వేరు మూలకాలు కాస్త కలిపి చేసిన పి, ఎన్ అనే రెండు పొరలు కలిసే అంచులో మాత్రం, బ్యాటరీ ఏదీ తగిలించకపోయినా, ఒక విద్యుత్ క్షేత్రం ఉంటుంది. అది ఎలక్ట్రాన్‌ను ఎన్ వైపుకీ, హోల్‌ను పి వైపుకీ లాగేస్తుంది. బయట తీగ కలిపితే ఎలక్ట్రాన్లు ఆ దారిన చుట్టూ తిరిగొచ్చి హోల్స్‌ను చేరతాయి. నా మీటరు చూపించింది ఆ నడకనే. 1940లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో రస్సెల్ ఓల్ పగులున్న సిలికాన్ ముక్కమీద దీపం వెలుగు పడితే కరెంటు రావడం చూశాడు. ఆ ముక్కలోనూ అలాంటి అంచే ఉంది.

ఇక ఓల్టేజి. వెలుగు రెట్టింపైతే రెట్టింపయ్యేది కరెంటు. ఓల్టేజి, వెలుగు పదింతలైనా సెల్లుకు (ప్యానెల్లోని ఒక్కో సిలికాన్ పలకకు) 60 మిల్లీఓల్టుల చొప్పున పెరుగుతుంది, అంతే. పైగా సెల్లు ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ 2 మిల్లీఓల్టుల దాకా పడిపోతుంది. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల లెక్క. మే మధ్యాహ్నం మన మేడమీద అది 65కు చేరిందనుకోండి, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున 16 శాతం పోయినట్టే. మేలో వెలుగు పుష్కలం, కాదనను. యూనిట్లు బాగానే రావచ్చు. అయినా ప్యానెళ్లను గచ్చుకు ఆనించి బిగిస్తానంటే ఒప్పుకోకండి బావగారూ, కింద గాలాడేలా స్టాండు ఎత్తుగా వేయించండి.