ఆ దండం మీది కాదండి

మహారాజశ్రీ ప్రహరీగోడ ప్రారంభోత్సవ శిలాఫలకం గారి దివ్య సముఖానికి,

నిన్న సాయంత్రం మా పెద్దమ్మ మీకు పెట్టిన దండం పొరపాటున పడింది. దయచేసి వాపసు ఇప్పించగలరు.

ఆవిడకి చూపు ఆనదు. మొదటి ప్రపంచ యుద్ధానికని ఇరాక్‌లోని బస్రా వెళ్లి తిరిగిరాని తాత రాయిని ఒక్కసారి చూపించమంటే కోనసీమ ఎండలో ఆటో కట్టించుకుని తీసుకొచ్చాను. కాలవగట్టు ఎక్కి, చెప్పులు విడిచి, నల్లగా నిగనిగలాడుతున్న మిమ్మల్ని తడిమి కళ్లకద్దుకుంది. మీ నెత్తిన బంతిపువ్వు కూడా పెట్టింది. "తాత పేరు ఎక్కడుందిరా?" అంది.

చదివాను. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు, ఆఖర్న కాంట్రాక్టరు. పద్నాలుగు పేర్లండి, ఆయ్! నాలుగడుగుల గోడకి. గోడ అప్పుడే బీటలిచ్చింది గానీ మీ అక్షరాల మీద బంగారు రంగు చెక్కుచెదర్లేదు.

అసలు రాయి మీ వెనకుంది. యుద్ధం అయ్యాక తెల్లదొరలు ఊళ్లల్లో పాతించిన పలకల్లో అదొకటి. 1914-1919 అని, ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది. అంతే, పేర్లుండవు. బస్రాలో కట్టిన పెద్ద స్మారకం మీదా అంతే. ఆఫీసర్లకి పేర్లు చెక్కి, మన మామూలు సిపాయిలకి ఎంతమందో లెక్క రాసి సరిపెట్టారు. సరే, దొర పరాయివాడు. మీకేమొచ్చిందండి? పద్నాలుగు పేర్లకి చోటు దొరికిన గ్రానైటు మీద ఆ చనిపోయినవాళ్లలో ఒక్కడి పేరుకి చోటు చాల్లేదా?

పైగా మీ నుదుటి మీద 'చారిత్రక వారసత్వ పరిరక్షణలో భాగంగా' అని చెక్కించుకున్నారు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వందేళ్లు దాటిన కట్టడాన్నే ప్రాచీనం అంటుంది. మా రాయికి ఆ వయసు నిండిందని అర్జీ పట్టుకెళితే ఫొటో జతచేయమన్నారు. ఎటునుంచి తీసినా ఫొటోలో మీరే పడుతున్నారు.

1986 వరదకి మునిగి తేలిన రాయి అది. 1996 తుపానుకి చుట్టూ కొబ్బరిచెట్లు విరిగిపడ్డా కదల్లేదు. మొన్న ఆగస్టు పదిహేనుకి మాత్రం ఒక్క ఎనామిల్ పెయింటు డబ్బాకి ఓడిపోయింది. అక్షరాలన్నీ పూడిపోయాయి. లోపలి చెమ్మ బయటికొచ్చే దారి లేక అంచులు పొరలు పొరలుగా లేస్తున్నాయి. మీకు పెయింటు వెయ్యరు లెండి, మీకు వారానికోసారి తడిగుడ్డ.

ఏం పొడిచావని అక్కడ నిలబడ్డావయ్యా? ఏ యుద్ధానికెళ్లావు? రిబ్బను కత్తిరించడానికి వచ్చిన కారు కూడా ఏసీదే కదా! జరుగు పక్కకి. రెండు బారలు జరుగు చాలు, ముసలావిడకి దారివ్వు.

సంగతి చెప్పాక పెద్దమ్మ ఏమీ అనలేదు. మీ నెత్తి మీది బంతిపువ్వు తీసుకుని, గోడ పట్టుకుని వెనక్కెళ్లి, రాయి మీద పెట్టింది. పెయింటు నునుపుకి జారి కింద పడింది. మళ్లీ పెట్టింది.