నురాతలో ఏమీ లేదట!

ఆ మెసేజీ మీకూ వచ్చే ఉంటుంది. నాకైతే ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది, చివరిసారి పంపింది మా పిన్ని, "నువ్వు వెళ్ళొచ్చావు కదే, ఇదంతా నిజమేనా?" అని. ఉజ్బెకిస్తాన్ వెళ్ళే తెలుగువాళ్ళకు జాగ్రత్తలు అన్న పేరుతో తిరుగుతోంది. పొడుగ్గా ఉంటుంది గానీ కుదిస్తే ఇంతే: తాష్కెంట్, సమర్కంద్, బుఖారా చూసి వచ్చేయండి, చిన్న ఊళ్ళ జోలికి పోకండి, అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు, శాకాహారులకు పస్తులే, పోలీసులు కాగితాలు అడిగి డబ్బు గుంజుతారు, డబ్బు బ్లాక్‌లోనే మార్చుకోవాలి, ఒక్కరికీ ఇంగ్లిష్ రాదు, పక్కనే అఫ్ఘానిస్తాన్ కాబట్టి భద్రత లేదు, పడుకోవడానికి గది కూడా దొరకదు.

నేనూ మా ఆయనా పోయిన అక్టోబరులో నురాత అనే ఊళ్ళో మూడు రాత్రులు ఉన్నాం. నవోయి నగరానికి ఈశాన్యంగా సుమారు 70 కిలోమీటర్లు. ఒక పక్క నురాతావ్ కొండలు, ఇంకో పక్క కిజిల్‌కుమ్ ఎడారి, మధ్యలో ఈ ఊరు. ఒక బజారు, ఒక నీటి ఊట, గుట్ట మీద ఒక పాడుబడిన కోట, ఇళ్ళ ముందు ద్రాక్ష పందిళ్ళు, అంతే. మా ఆయన మాంసం ముట్టరు, నేను అన్నీ తింటాను, కాబట్టి రెండు వైపుల సాక్ష్యమూ మా ఇంట్లోనే ఉంది.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చూద్దాం.

పోలీసులు, కాగితాలు, బ్లాక్‌లో డబ్బు మార్చుకోవడం. ఇది ఒకప్పటి నిజం, దాన్ని ఇప్పటి నిజంగా అమ్ముతున్నారు. 2017 సెప్టెంబరు దాకా ఆ దేశంలో బ్యాంకు రేటు ఒకటి, బజారు రేటు ఇంకొకటి. ఆ నెలలో మారకం మీద ఆంక్షలు ఎత్తేశారు, ఇప్పుడు బ్యాంకులోనే మార్చుకోవచ్చు. మేం వెళ్ళినప్పుడు డాలరుకు 12 వేల పైచిలుకు సోమ్ వచ్చింది, అంటే వంద డాలర్లు మారిస్తే మా ఆయన లక్షాధికారి కాదు, పన్నెండు లక్షల అధికారి అయ్యారు. ఆ కట్ట జేబులో పట్టక సాక్సులో పెట్టుకున్నారు. 2018 నుంచి మన పాస్‌పోర్టుకు ఆన్‌లైన్ వీసా ఉంది, 30 రోజులకు 20 డాలర్లు. ఇక రిజిస్ట్రేషన్, అంటే ఎక్కడ బస చేశామో నమోదు చేయించడం అంటారా, అది ఇప్పటికీ ఉంది, తేలిగ్గా తీసుకోకండి, కానీ హోటలైనా గెస్ట్‌హౌస్ అయినా వాళ్ళే నమోదు చేస్తారు. తెలిసినవాళ్ళ ఇంట్లో దిగితే మాత్రం ఆ ఇంటివాళ్ళను అడిగి చేయించుకోవాలి. మమ్మల్ని మూడు రోజుల్లో ఏ పోలీసూ ఆపలేదు. సమర్కంద్‌లోనూ బుఖారాలోనూ ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు చాలామంది ఉన్నారు, నన్ను నమ్మకపోతే వాళ్ళను అడగండి.

పక్కనే అఫ్ఘానిస్తాన్. పక్కనే అంటే ఎంత దూరమండీ? ఆ సరిహద్దు దక్షిణం కొసన, తెర్మెజ్ దగ్గర, ఆము దర్యా నది. నురాత అక్కడికి వందల కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. ఈ లెక్కన అమృత్‌సర్ పక్కన పాకిస్తాన్ ఉంది కాబట్టి ఆగ్రా వెళ్ళకూడదు. నేను భయపడింది ఒక్కసారే, అదీ నవోయి నుంచి వచ్చే షేర్ టాక్సీలో, డ్రైవరు వేగం చూసి. ఆ టాక్సీలు మన షేర్ ఆటోల్లాగే నలుగురు నిండితేనే కదులుతాయి. దారిలో గ్యాస్ బంకు వస్తే అందరినీ గేటు దగ్గరే దింపేసి, కారు ఒక్కటే లోపలికి వెళ్ళి గ్యాస్ పట్టించుకుని వస్తుంది. మేం ఎండలో నిలబడి ఉంటే, మాతోపాటు దిగిన ఒక ముసలమ్మ సంచిలోంచి రొట్టె తీసి, తుంచి, అడగకుండానే మా చేతుల్లో పెట్టింది. భద్రత గురించి నాకు తెలిసింది ఇదే.

ఇప్పుడు తిండి. ఈ పాయింటులో సగం నిజం ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాయాలి. మాంసం లేని భోజనం అంటే అక్కడ చాలామందికి అర్థమే కాదు. ఊళ్ళో ఒక చిన్న హోటల్లో మా ఆయన మాంసం వద్దని సైగలు చేసి, నేర్చుకున్న మాట చెప్పి మరీ సూప్ అడిగారు. తెచ్చారు, అందులో ముక్కలు లేవు. ముక్కలు తీసేసిన మాంసం పులుసు అది! పైన కొవ్వు చుక్కలు బంగారు నాణాల్లా తేలుతున్నాయి. వడ్డించినాయన మొహంలో మోసం లేదు, పాపం నిజంగానే తీసేసి తెచ్చాడు. ఆ పూట ఈయన రొట్టె, టమాటాతో గడిపారు, ఆ సూప్ నా వాటాకి వచ్చింది, చాలా బాగుంది.

కానీ పస్తులా? బస చేసిన ఇంట్లో ఉదయమే చెప్పుకుంటే చాలు. చెప్పాల్సిన మాట "గోష్త్ యెమైమన్", మాంసం తినను అని. గోష్త్ అంటే ఏమిటో హైదరాబాదు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఇంటావిడ ఆ రోజు రాత్రి వేయించిన బంగాళాదుంపలు, పల్చగా తరిగిన టమాటా ఉల్లిపాయ, గట్టి పెరుగు, గుమ్మడికాయ పెట్టిన సోమ్సాలు, ద్రాక్ష, ఖర్బూజా పెట్టింది. సోమ్సా అంటే మన సమోసాకి అన్న వరస, నూనెలో కాదు, తందూరు గోడకు అంటించి కాలుస్తారు. రెండో రోజు పెసలూ బియ్యమూ కలిపి ముద్దగా ఉడికించింది, పేరు మోష్‌కిచిరి. మోష్ అంటే పెసలు, కిచిరి అంటే కిచిడీయే. మామూలుగా అందులో మాంసం వేస్తారట, మాకోసం మానేసింది. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పొంగలి చేసి తాలింపు మరిచిపోయినట్టుంది" అన్నారు, అని మూడుసార్లు పెట్టించుకున్నారు. వంట నూనె చాలాచోట్ల పత్తి గింజలది, దాని వాసన మనకు కొత్తేమీ కాదు. గొర్రె తోక కొవ్వు కూడా వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్ళు అది అడిగి తెలుసుకోవాలి, ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు.

టీ సంగతి ఒకటి చెప్పాలి, ఇది ఏ జాగ్రత్తల మెసేజీలోనూ ఉండదు. పాలు లేని పచ్చ టీ. మొదట కొంచెం గిన్నెలో పోసి, తిరిగి కెటిల్‌లో పోసేస్తారు, ఇలా మూడుసార్లు. తర్వాత మనకిచ్చే గిన్నెలో సగమే పోస్తారు. మన దగ్గర సగం గ్లాసు ఇస్తే పిసినారి అంటాం కదా, మా ఆయన చనువుగా "నిండుగా పోయండి" అని సైగ చేశారు. ఇంటి పెద్దాయన నవ్వి, మళ్ళీ సగమే పోశాడు. ఆయన కొడుకు ఫోన్లో అనువాదం చేసి చూపించాక తెలిసింది, గిన్నె నిండా పోస్తే తాగి బయల్దేరమని అర్థమట. సగం పోస్తే మళ్ళీ మళ్ళీ పోయొచ్చు, అతిథి ఇంకాసేపు కూర్చుంటాడు. అతిథి నీ తండ్రి కన్నా గొప్పవాడు అని వాళ్ళకొక సామెత ఉంది. రొట్టెను బోర్లా పెట్టకూడదు, ఇది కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను, ఒకటి బోర్లా పెట్టేసి.

భాష. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు, దానికి ఇంగ్లిషే కావాలని ఎవరూ అనలేదు. పెద్దవాళ్ళకు ఉజ్బెక్‌తో పాటు రష్యన్ వస్తుంది, ఆ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో తాజిక్ మాట్లాడతారు, స్కూలు పిల్లలు మన మీద ఇంగ్లిష్ ప్రాక్టీసు చేస్తారు. ఇక బజారు బొజోర్, దుకాణం దొకోన్, దర్వాజా దర్వోజా, బాదం బొదోమ్, జవాబు జవోబ్. పారసీ, అరబ్బీ మాటలు అటు కొన్ని, ఇటు కొన్ని వచ్చి స్థిరపడ్డాయి, మనుషులూ వచ్చారు, నిజాముల మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ సమర్కంద్ ప్రాంతంవాడే, 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. అయితే గోతులూ ఉన్నాయి. మా ఆయన ధీమాగా "సబ్జీ" అని అడిగితే కిలో క్యారెట్లు తూచి ఇచ్చారు, అక్కడ సబ్జీ అంటే క్యారెట్టే. అన్నింటికన్నా నవ్వొచ్చేది, అక అంటే అన్న. మీసాల డ్రైవరును అక, అక అని పిలవడానికి నాకు ఒక రోజు పట్టింది.

చివరికి అసలు పాయింటు: చూడ్డానికి ఏమీ లేదు.

సమర్కంద్‌లో రెగిస్తాన్ అనే పెద్ద మదరసాల కూడలి చూసొచ్చిన కళ్ళతో చూస్తే నిజంగానే తక్కువ. కోట అలెగ్జాండర్ కట్టించాడని ఊరంతా చెబుతారు, ఎక్కి చూస్తే మట్టి గోడలు కరిగి గుట్టలో కలిసిపోయి ఉన్నాయి. దాని కింద చష్మా, అంటే ఊట. హజ్రత్ అలీ తన కర్రతో నేలను కొడితే పుట్టిందని నమ్మకం. నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి, వాటిలో నల్లటి వీపుల చేపలు ఒకదానిమీద ఒకటి పడుతూ తిరుగుతుంటాయి. వాటిని ఎవరూ పట్టరు, తినరు, మన కోనేట్లో చేపల్లాగే. పక్కనే మసీదు. దూరం ఊళ్ళనుంచి కుటుంబాలు వచ్చి, దువా చేసుకుని, సీసాల్లో నీళ్ళు నింపుకుని వెళ్తాయి. ఈ ప్రాంతంలో పూర్వం నీళ్ళను భూగర్భ కాలువల్లో తీసుకెళ్ళేవాళ్ళు, కారిజ్ అంటారు, బీదర్ వెళ్ళినవాళ్ళు అలాంటిదే చూసి ఉంటారు. ఇదంతా ఒక పూటలో అయిపోతుంది, ఒప్పుకుంటాను.

ఏమీ లేదని రాసినవాళ్ళు టాక్సీలో వచ్చి, ఫోటో తీసుకుని, అదే టాక్సీలో ఐదర్‌కూల్ సరస్సుకు వెళ్ళిపోయి ఉంటారని నా అనుమానం. (ఆ సరస్సు కూడా బాగుంటుంది, 1969 వరదల్లో చార్దరా ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు పల్లంలో నిలిచి పెరిగింది.) నన్నడిగితే నురాత పేరు చెప్పగానే ముందు సుజానీ అంటాను, వాళ్ళ మెసేజీలో ఆ మాటే లేదు.

సుజానీ అంటే పెళ్ళికూతురి సారెలో పెట్టే కుట్టుపని దుప్పటి. నురాతవి తెల్ల గుడ్డ మీద పూల గుత్తులు. మేమున్న ఇంటావిడ అత్తగారిది ఒకటి పెట్టెలోంచి తీసి పరిచింది. ముందు సన్నటి గుడ్డ పట్టీలను వదులుగా కలిపి కుట్టి, కలంకష్ అని పిలిచే ఆవిడ వచ్చి మొత్తం మీద బొమ్మ గీస్తుందట. కలంకష్! శ్రీకాళహస్తి కలంకారీలో ఉన్న కలమే ఇది. తర్వాత పట్టీలు విడదీసి ఇంట్లో ఆడవాళ్ళంతా తలో పట్టీ పంచుకుని కుడతారు, అయ్యాక మళ్ళీ అతుకుతారు. ఎవరి చేతి బిగువు వాళ్ళది కదా, అతుకు దగ్గర పూలు సరిగ్గా కలవవు. ఆ దుప్పటి మీద ఒక పెద్ద ఎర్ర పువ్వులో ఎడమ సగం చిక్కగా ఉంది, కుడి సగం అరంగుళం కిందికి జారి, రంగు కూడా కాస్త నారింజలోకి తిరిగింది. ఆవిడ ఎడమ సగం మీద వేలు పెట్టి ఒక పేరు చెప్పింది, కుడి సగం మీద పెట్టి ఇంకో పేరు చెప్పి నవ్వింది. తోడికోడళ్ళట. ఒక మూల చిన్న ఆకు కుట్టకుండా గీత మాత్రమే వదిలేశారు, అలా వదలడం ఆనవాయితీ.

ఈ దుప్పటి చూడ్డానికి నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది, టికెట్ లేదు, గైడు లేడు. మెసేజీ రాసినవాళ్ళ లెక్కలో ఇది "ఏమీ" కిందికే వస్తుంది కాబోలు.

అలాగని అందర్నీ వెళ్ళమనడం లేదు. చేతిలో ఐదు రోజులే ఉంటే సమర్కంద్, బుఖారా చాలు, నురాత కోసం ఒక రోజు కోసేయకండి. జూలైలో వద్దు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏప్రిల్, మే గానీ సెప్టెంబరు, అక్టోబరు గానీ చూసుకోండి. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంది, అప్పుడు ఏం చేయాలో తోచని మనిషైతే మీకు ఆ ఊరు నచ్చదు, అది మీ తప్పూ కాదు, ఊరి తప్పూ కాదు. కానీ "నాకు నచ్చలేదు" అని రాయడం వేరు, "అక్కడ ఏమీ లేదు, వెళ్ళొద్దు" అని వెయ్యి మందికి పంపడం వేరు.

గది దొరకదన్నది మిగిలింది. గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, కొండ పల్లెల్లో ఇళ్ళలోనే బస ఇస్తారు. మంచాలు అన్నిచోట్లా ఉండవు, నేలమీద కుర్పాచా అనే దళసరి పత్తి పరుపులు, మన బొంతకు రెట్టింపు మందం, వాటిమీద పడుకుంటే నా నడుం నొప్పి తగ్గింది. మరుగుదొడ్డి మాత్రం మాకు పెరటి చివర దొరికింది, అది మెసేజీవాళ్ళు రాయలేదు, నేను రాస్తున్నాను. టార్చి తీసుకెళ్ళండి. చెప్పులన్నీ గడప బయట విడవాలి, చీకట్లో ఏవి ఎవరివో తెలియదు. రెండో రాత్రి నేను వెళ్ళొచ్చింది ఇంటి పెద్దాయన రబ్బరు బూట్లలో, ఆయన నా హవాయి చెప్పుల్లో గుమ్మం దగ్గర నిలబడి నాకోసం చూస్తున్నాడు.