తొంభై ఒక్క ఒకట్లు, ఒక సున్నా

మా అక్క బిడ్డ తొమ్మిదో తరగతి. నల్లగొండలోనే ఓ ప్రైవేటు స్కూలు, పేరు వద్దులెండి. మొన్న లెక్కల పేపరు తెచ్చి నా ముందు పడేసింది. ప్రశ్న ఇది: వరుసగా 91 ఒకట్లు రాస్తే వచ్చేది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా? పిల్ల సంయుక్తం అని రాసింది. సున్నా మార్కులు. పక్కన ఎర్ర పెన్నుతో ‘2, 3, 5, 7, 11, 13తో పోదు, కాబట్టి ప్రధానం’.

మార్కుల సంగతి పక్కన పెట్టండి. కింద పిల్ల రాసుకున్న రెండు లైన్లు ఎవరూ చదవలేదు, నాకు మండింది అక్కడ.

ఏం రాశావమ్మా అని అడిగితే చెప్పింది: ‘మామా, తోటకాడ బత్తాయిలు ఏడేసి కుప్ప పెడ్తం గదా. తొంభై ఒకటైతే సరిగ్గ పదమూడు కుప్పలైతయి. ఒకట్లను గూడ అట్లనే కట్టలు కట్టిన. ప్రతి కట్ట 1111111. ఇంగ మొత్తం దాంతోని పోకేమైతది?’

పోతుంది. ముందున్న కట్టల వెనక సున్నాలుంటాయి, అంతే తేడా. భాగఫలం 85 అంకెలు. ఆ పిల్ల అది రాయలేదు, రాయాల్సిన పనీ లేదు.

సారు లెక్క తప్పని కూడా అనలేను. ఆ ఆరింటితో నిజంగానే పోదు. కానీ పదమూడు దగ్గర ఆగిపోతే ఎట్లా? ఈ పద్ధతిలో ప్రధానం అని తేల్చాలంటే 46 అంకెల సంఖ్య దాకా వెతకాలి. ఈ జన్మకు అయ్యే పనేనా!

అసలు మన దగ్గర ఈ పిచ్చి ఒకటుంది. ‘భాగించి చూపించు, అప్పుడు నమ్ముతా’. ఒక సంఖ్య పగులుతుందని తెలియడం వేరు, ఎక్కడ పగులుతుందో తెలియడం వేరు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సాధువు, రెండును 67 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే 21 అంకెల సంఖ్య ప్రధానమని రాసిపెట్టాడు. 1876లో లూకాస్ అనే లెక్కల పండితుడు అది కాదని తేల్చాడు, ఒక్క కారణాంకం కూడా చూపించకుండానే! ఇక్కడైతే సున్నానే. ఆ కారణాంకాలు దొరకడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది. 1903లో న్యూయార్క్‌లో కోల్ అనే లెక్కల ప్రొఫెసర్ బోర్డు మీద 193707721ని 761838257287తో గుణించి, నోరు విప్పకుండా వచ్చి కూర్చున్నాడట. ఎన్నాళ్లు పట్టిందంటే మూడేళ్ల ఆదివారాలు అన్నాడని చెప్తారు. మా ఇంట్లో ఆదివారం బత్తాయి బుట్టలు మోయడానికే సరిపోతుంది.

ఇంకా పెద్దది చెప్తాను. రెండును 10,48,576 సార్లు గుణించి ఒకటి కలపండి. మూడు లక్షలకు పైగా అంకెలు. ఇది ప్రధానమైతే మూడును ఇన్నిసార్లు గుణించి దీంతో భాగిస్తే ఫలానా శేషం రావాలని ఒక పరీక్ష ఉంది. 1980ల్లోనే కంప్యూటర్ మీద చేసి చూశారు, ఆ శేషం రాలేదు. కాబట్టి సంయుక్తమే. కారణాంకం మాత్రం ఒక్కటీ తెలియదు. దానికీ ఎర్ర పెన్ను పెడతారా?

గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. ఆన్‌లైన్ తాళాలు చాలా వాటికి ఈ కష్టమే కాపలా.

సరే, సారు భాగహారమే కావాలన్నాడు కాబట్టి రాత్రి పిల్లను కూర్చోబెట్టి 53తో చేయమన్నాను. నోట్‌బుక్ అడ్డం తిప్పి ఒక్కో ఒకటి దింపుకుంటూ పోయింది. పదమూడో ఒకటి దింపగానే శేషం సున్నా. పెన్ను ఆపి నా మొహం చూసింది. ‘మిగిలినయి డెబ్బై ఎనిమిది. ఇంకో ఆరు పదమూళ్లే గదా మామా, చెయ్యాల్నా?’ అంది.

చెయ్యి, సారుకు చూపిద్దాం అన్నాను. పేజీ సరిపోక ఇంకో కాగితం అతికించింది.