వృషభం కొమ్ముల మధ్య మంట

గండికోటలో డిసెంబరు రాత్రి పెన్నా లోయ అంచున నిలబడి చేతిలో టార్చి ఆర్పేస్తే, నెత్తిమీద కృత్తికలు గుత్తిగా, కాస్త దిగువన రోహిణి ఎర్రగా కనిపిస్తాయి. ఆ వృషభ రాశి కొమ్ముల నడుమ మన కంటికి ఆనని నక్షత్రం ఒకటుంది. దాని చుట్టూ 111 రోజులకోసారి ఒక న్యూట్రాన్ తార తిరుగుతోంది. పేరు ఏ 0535+26. 1975లో బ్రిటన్ ఉపగ్రహం ఏరియల్-5 కంటపడింది.

సూర్యుడికంటే ఎక్కువ బరువు, ఇంచుమించు కర్నూలు నుంచి ఓర్వకల్లు దాకా ఉండేంత వెడల్పులో ఇరుక్కుంటే అది న్యూట్రాన్ తార. పక్కనున్న పెద్ద నక్షత్రం విపరీతమైన వేగంతో గిర్రున తిరుగుతూ నడుము చుట్టూ వాయువును చిమ్ముతుంది. దగ్గరికొచ్చినప్పుడు ఈ చిన్నది ఆ వాయువును లాక్కుంటుంది. అయస్కాంత క్షేత్రం దాన్ని ధ్రువాల మీదికి మళ్ళిస్తే, అక్కడ కోట్ల డిగ్రీల వేడి పుట్టి ఎక్స్‌-కిరణాలు వెలువడతాయి. తార తనచుట్టూ తాను తిరిగే కొద్దీ, సుమారు 104 సెకన్లకోసారి ఆ వెలుగు మనవైపు తిరుగుతుంది. అయితే దగ్గరికొచ్చిన ప్రతిసారీ మంట రేగదు. ఏళ్ల తరబడి నిద్రపోయి, ఒక్కసారిగా లేస్తుంది. 2020 నవంబరులో లేచినప్పుడు ఆకాశంలో పొరుగునే కనిపించే, పేలిన నక్షత్రపు శేషం క్రాబ్ నెబ్యులాను ఎక్స్‌-కిరణాల్లో పది రెట్లకు పైగా మించిపోయింది.

ఈ కిరణాలను గాలి పొర ఆపేస్తుంది. గండికోట చీకటి ఎంత చిక్కనైనా లాభం లేదు, ఉపగ్రహమే కావాలి. 2017 అక్టోబరులో స్విఫ్ట్ ఉపగ్రహం పట్టుకున్న స్విఫ్ట్ జే0243.6+6124 కూడా ఇలాంటిదే. 9.86 సెకన్లకోసారి కొట్టుకునే ఆ పల్సర్ (వెలుగు ఇలా లయగా కొట్టుకునే న్యూట్రాన్ తార), వాయువును లాక్కునే తార ఇంతకంటే వెలగకూడదని లెక్కగట్టిన హద్దును దాటేసింది. ఆ హద్దును అంతలా దాటిన పల్సర్ మన పాలపుంతలో దొరకడం అదే మొదలు.

నన్ను వదలని మాట ఒకటుంది. మంటను పట్టేది ఉపగ్రహమే, కానీ దాని గుండెచప్పుడు వినేది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్ డేటా, కొంత గడువు తీరాక, ఎవరికైనా ఉచితం. నాసా భాండాగారమూ అంతే. విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌కూ డబ్బు కట్టక్కర్లేదు. అయినా మా సీమ డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ పిల్లలు మూడేళ్లూ అవే లోలకాలు, అవే కటకాలు పట్టుకుని రికార్డు బుక్కు నింపుతున్నారు. నేను చదివిన కాలేజీలోనూ అంతే. ఆ రికార్డులు సీనియర్లవి చూసి రాసుకున్నవే. తెలివి తక్కువై కాదు, చేతికి అసలు డేటా ఇచ్చినవాళ్లు లేక.

మొదటి ప్రాక్టికల్‌గా 2020 నాటి మంటనే ఇవ్వొచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న నాసా ఎక్స్‌-కిరణాల పరికరం నైసర్ రికార్డు చేసిన వెలుగు లెక్కలు దించుకోవాలి. వాటిని 104 సెకన్ల చొప్పున ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అనంతపురం కళ్లంలో వేరుశనగ తూర్పారబడితే పొట్టు గాలికిపోయి గింజ కుప్పపడ్డట్టు, అడ్డదిడ్డంగా ఉన్న చుక్కలు పోయి స్క్రీన్ మీద నిదానంగా ఒక మూపురం లేస్తుంది. ముక్క నిడివి కాస్త మార్చి, ఆ మూపురం ఎక్కడ బాగా నిక్కుతుందో ప్రాక్టికల్ చేసే పిల్లలే చూసుకోవాలి.